చెరిపేసిన సినిమా కోసం వేట

దర్శకుడే మార్చేసిన ‘స్టార్ వార్స్’ను పాత క్యాసెట్లు, డిస్కులు, అరిగిన రీళ్ల నుంచి తిరిగి కూర్చారు అభిమానులు. సినిమా ఎవరి సొత్తు అన్న పాత ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చారు.

ఎడారి గ్రహం మీద ఓ సారా కొట్టు. మూల బల్ల దగ్గర హాన్ సోలో అనే స్మగ్లర్. ఎదురుగా తుపాకీ గురిపెట్టి కూర్చున్న గ్రీడో అనే కిరాయి వేటగాడు. 1977లో ‘స్టార్ వార్స్’ చూసినవాళ్లకు ఆ తర్వాత ఏం జరిగిందన్న దానిపై సందేహమే లేదు. సోలో మాటలతో కాలం గడుపుతూ బల్ల కింద చేయి కదిపాడు. కాల్చాడు. గ్రీడో బల్ల మీద కూలిపోయాడు. సోలో తాపీగా లేచి, కొట్టువాడి మీదికి ఓ నాణెం విసిరి వెళ్లిపోయాడు.

1997లో అదే దృశ్యం మారిపోయింది. ముందు గ్రీడో కాలుస్తాడు. రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి గురి తప్పుతుంది. ఆ తర్వాతే సోలో కాలుస్తాడు. 2004లో వచ్చిన డీవీడీలో ఇద్దరూ దాదాపు ఒకేసారి కాలుస్తారు. 2019లో డిస్నీ ప్లస్‌లోకి వచ్చేసరికి, చావబోయే ముందు గ్రీడో నోటి నుంచి ఎవరికీ అర్థం కాని ఓ కొత్త మాట కూడా వినబడింది. కొన్ని క్షణాల దృశ్యానికి నాలుగు రూపాలు. వాటిలో ప్రపంచమంతా థియేటర్లలో చూసి చప్పట్లు కొట్టిన మొదటి రూపం మాత్రం, మంచి నాణ్యత గల డిస్కు మీద ఏళ్ల తరబడి ఎక్కడా కొనడానికి దొరకలేదు.

ఇది చాదస్తంగా కనిపించవచ్చు. కానీ ఆ పాత్ర ప్రయాణమంతా ఆ ఒక్క తూటా మీద ఆధారపడి ఉంది. తన ప్రాణం, తన డబ్బు తప్ప మరేదీ పట్టనివాడు చివర్లో స్నేహితుల కోసం వెనక్కి తిరిగి రావడమే కథలో సోలో వంతు. మొదట్లోనే అతణ్ని ఆత్మరక్షణ కోసం మాత్రమే కాల్చే మర్యాదస్థుడిగా చేస్తే, చివర్లో మారడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మారింది ఆ తూటా ఒక్కటే కాదు. దర్శకుడు జార్జ్ లూకాస్ 1997లో సినిమాను మళ్లీ విడుదల చేస్తూ మాస్ ఐస్లీ పట్టణం నిండా కంప్యూటర్ జంతువులను నింపారు. జబ్బా ద హట్ కనిపించే ఓ దృశ్యాన్ని కొత్తగా చేర్చారు. డెత్ స్టార్ పేలినప్పుడు చుట్టూ వెలుగు వలయం ఒకటి పుట్టించారు. 2004లో చేసిన మార్పులు మరికొన్ని. 1983 నాటి ‘రిటర్న్ ఆఫ్ ద జెడై’ చివర్లో కనిపించే ముసలి తండ్రి ఆత్మ స్థానంలో, అప్పటికి రెండేళ్ల వయసున్న హేడెన్ క్రిస్టెన్‌సెన్ వచ్చి నిలబడ్డాడు. 2011లో వచ్చిన బ్లూ-రేలో అదే సినిమా పతాక సన్నివేశంలో మౌనంగా నిర్ణయం తీసుకున్న డార్త్ వేడర్ నోట గట్టి అరుపు పెట్టారు.

ప్రతి మార్పుతోపాటు పాత రూపం మార్కెట్లో మరో మెట్టు కిందికి జారింది. 1995లో వచ్చిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లను, అసలు సినిమాను సొంతం చేసుకోవడానికి ఇదే చివరి అవకాశమన్న ప్రచారంతో అమ్మారు. అభిమానుల ఒత్తిడి తర్వాత 2006లో పాత రూపాన్ని డీవీడీ మీద ఇచ్చారు గానీ, దాన్ని అదనపు డిస్కుగా చేర్చారు. అది కూడా 1993లో లేజర్‌డిస్కు కోసం తయారుచేసిన మాస్టర్ నుంచి తీసిన కాపీ. వెడల్పు టీవీలో పెడితే తెర మధ్యలో చుట్టూ నల్లటి అంచులతో చిన్న కిటికీలా కనిపించేది. తెరమీద 480 గీతలకు అవకాశముంటే, అసలు బొమ్మకు దక్కినవి దాదాపు 270 మాత్రమే. పక్కనే మార్చిన రూపం మాత్రం నిగనిగలాడుతూ ఉండేది. ఏది గుర్తుంచుకోవాలో, ఏది మరిచిపోవాలో చెప్పడానికి అంతకన్నా స్పష్టమైన పద్ధతి ఉండదు.

సరిగ్గా ఈ దశలో రంగంలోకి దిగాడు చెక్ రిపబ్లిక్‌కు చెందిన ఓ యువకుడు. వృత్తిరీత్యా ఇంగ్లీషు టీచర్. డిగ్రీ కోసం రాసిన సిద్ధాంత వ్యాసం కూడా ‘స్టార్ వార్స్’ సాంస్కృతిక ప్రభావం మీదే. హార్మీ అనే మారుపేరుతో అభిమానులందరికీ తెలిసిన ఇతనికి హాలీవుడ్‌తో ఏ సంబంధమూ లేదు. 2010 తర్వాత కొన్నేళ్ల పాటు తీరిక వేళల్లో, తనలాంటి మరికొందరి సాయంతో, మూడు సినిమాలనూ తొలి విడుదల నాటి రూపంలోకి తీసుకురావడానికి పూనుకున్నాడు. ‘స్పెషల్ ఎడిషన్’ అని లూకాస్ పెట్టిన పేరును వెక్కిరిస్తూ ఆ కూర్పుకు ‘డీస్పెషలైజ్డ్ ఎడిషన్’ అన్న పేరు పెట్టారు. విశేషాలను తీసేసిన కూర్పు అన్నమాట.

అతని వాదన సూటిగా ఉంటుంది. ‘స్టార్ వార్స్’కు 1978లో దక్కిన ఆస్కార్లలో విజువల్ ఎఫెక్ట్స్‌ది ఒకటి. కంప్యూటర్ గ్రాఫిక్స్ దాదాపు లేని రోజుల్లో చిన్న నమూనాలు, గాజు పలకల మీద గీసిన చిత్రాలు, ఒకదానిమీద ఒకటి ముద్రించిన ఫిల్ము పొరలతో సాధించిన పనికి వచ్చిన బహుమతి అది. బహుమతి గెలిచిన షాట్లనే తీసేసి కంప్యూటర్ బొమ్మలు పెడితే, ఆ శ్రమ చేసిన వందలాది మంది పనితనం చరిత్రలోంచి మాయమైనట్టే. ల్యూక్ ఎడారిలో నడిపే తేలే బండి కింద చక్రాలు కనిపించకుండా ఉండాలని అప్పట్లో కెమెరా లెన్స్ మీద వాజెలిన్ పూశారు. తెరమీద అక్కడ ఓ మసక మరక కనిపించేది. 1997లో ఆ మరకను కంప్యూటర్‌తో శుభ్రంగా తుడిచేశారు. అభిమానులకు కావాల్సింది ఆ మరకే.

చెప్పినంత తేలిక కాదు చేయడం. పునాదిగా తీసుకున్నది 2011 నాటి బ్లూ-రేనే. సినిమాలో మారని భాగాలకు అంతకన్నా స్పష్టమైన బొమ్మ అప్పట్లో మరొకటి అందుబాటులో లేదు. చిక్కంతా మారిన చోట్లే. ఉదాహరణకు మాస్ ఐస్లీ వీధిలో ఓ కంప్యూటర్ జంతువు తెరకు అడ్డంగా నడిచి వెళుతుంది. ఆ జంతువు వెనుక 1977లో ఏం కనిపించేదో కొత్త డిస్కుకు తెలియదు. తెలిసింది 2006 నాటి మసక డీవీడీకి మాత్రమే. కాబట్టి కదలని గోడలను, ఆకాశాన్ని స్పష్టమైన కాపీలోని ముందు వెనుక ఫ్రేముల నుంచి తీసుకోవాలి. కదిలే మనుషులను డీవీడీ నుంచి తీసి పెద్దవి చేయాలి. రెండింటి అంచులనూ ఫ్రేము తర్వాత ఫ్రేముగా చేత్తో కత్తిరించి అతికించాలి. అతుకు కనిపించకుండా పైన ఫిల్ము గరుకుదనాన్ని చల్లాలి. సెకనుకు 24 ఫ్రేములు. 121 నిమిషాల సినిమాకు లక్షా 74 వేలకు పైగా.

డీవీడీ కూడా చాలని చోట్ల వేట మరింత కిందికి దిగింది. ఎవరో దాచుకున్న 16 ఎంఎం ప్రింటు, అరిగిన 35 ఎంఎం రీలు, 70 ఎంఎం ఫిల్ము నుంచి కత్తిరించిన ముక్కలు, టీవీలో హైడెఫినిషన్‌లో ప్రసారమైన కాపీ, స్టూడియో చిత్రకారులు గీసిన నేపథ్య చిత్రాల ఫొటోలు... ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క. ఒకే షాట్‌లో రెండు మూడు మూలాలు కలిసిన సందర్భాలున్నాయి.

రంగులది మరో కథ. 2004 నాటి మాస్టర్‌లో రంగులు ఎంత దారి తప్పాయంటే, ల్యూక్ చేతిలోని నీలి వెలుగు కత్తి ఓ సన్నివేశంలో ఆకుపచ్చగా కనిపించింది. సరైన రంగు ఏమిటో ఎవరు చెప్పాలి? జ్ఞాపకాన్ని నమ్మలేం. 1970లలో వాడిన మామూలు ఫిల్ము మీద రంగులు కాలంతోపాటు వెలిసి ఎర్రబారతాయి. అయితే రంగులను నేరుగా ఫిల్ముకు అద్దే పాత టెక్నికలర్ పద్ధతిలో తయారైన ప్రింట్లు కొన్ని బతికి ఉన్నాయి. వాటి రంగు వెలవదు. అభిమానులకు ప్రమాణం దొరికింది అక్కడే.

ధ్వని విషయంలో సాక్షులు ఇంకా సామాన్యులు. 1977లో ఈ సినిమాను ఒకటి కాదు, మూడు రకాల శబ్ద మిశ్రమాలతో విడుదల చేశారు. చిన్న థియేటర్ల కోసం చేసిన మోనో మిశ్రమంలో మిగతావాటిలో లేని సంభాషణ ముక్కలు కూడా ఉన్నాయి. దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఆధారమైనవాటిలో, సినిమా టీవీలో వచ్చినప్పుడు ఇళ్లలో రికార్డు చేసుకున్న వీడియో టేపులు కూడా ఉన్నాయి. పారేయడానికి బద్ధకించి ఎవరో అటక మీద పెట్టిన క్యాసెట్, ఆఖరికి సినిమా చరిత్రకు ఆధార పత్రమైంది.

ఈ కథ మొత్తంలో ఆలోచించాల్సిన అంశం ఇదే. నాణ్యతకు, నిజానికి మధ్య ఉంటుందనుకునే సంబంధం ఇక్కడ తిరగబడింది. అందరికన్నా స్పష్టమైన కాపీ అబద్ధం చెబుతోంది. మసకబారినది, గీతలు పడినది, అంచులు తెగినది నిజం చెబుతోంది.

చట్టం దృష్టిలో మాత్రం ఇదంతా నేరమే. సినిమా హక్కులు లూకాస్‌ఫిల్మ్‌వి. 2012లో ఆ సంస్థను 405 కోట్ల డాలర్లకు కొన్నాక డిస్నీవి. హక్కుదారు అనుమతి లేకుండా కాపీ చేయడం, మార్చడం, పంచడం మూడూ కుదరవు. అభిమానులు దీన్ని అమ్మకానికి పెట్టలేదు. అధికారిక డిస్కు కొన్నవాళ్లే చూడాలని విజ్ఞప్తి చేశారు. దాంతో నైతికంగా ఊరట దొరకవచ్చు గానీ చట్టపరంగా రక్షణ దొరకదు.

విచిత్రమేమిటంటే, వీళ్ల పక్షాన నిలిచే బలమైన వాదన వినిపించింది స్వయంగా లూకాసే. నలుపు తెలుపు సినిమాలకు రంగులద్దే వ్యాపారం అమెరికాలో జోరుమీద ఉన్న 1988లో ఆయన అక్కడి పార్లమెంటు కమిటీ ముందు హాజరయ్యారు. లాభం కోసమో అధికారం కోసమో కళాఖండాలను మార్చేవాళ్లు అనాగరికులని కటువుగా అన్నారు. గతంలోని సినిమాలు ప్రజల సాంస్కృతిక వారసత్వమని, వాటిని తిరగరాసే హక్కు యజమానులకు ఉండకూడదని వాదించారు. ఆ చర్చల ఫలితంగా ఏర్పడిన జాతీయ సినిమా రిజిస్ట్రీలోకి 1989లో ఎంపికైన తొలి 25 చిత్రాల్లో ‘స్టార్ వార్స్’ ఒకటి.

అయితే లూకాస్ వాదనలోనూ పస లేకపోలేదు. 1988లో ఆయన మండిపడింది, సృష్టికర్తకు సంబంధం లేకుండా వ్యాపారులు చేసే మార్పుల మీద. తన సినిమాను తాను దిద్దుకోవడం వేరు. డబ్బూ, సమయమూ, సాంకేతికతా చాలక 1977లో సగం పూర్తయిన సినిమానే విడుదల చేయాల్సి వచ్చిందని, తర్వాత వచ్చినదే తన మనసులోని అసలు సినిమా అని ఆయన చాలాసార్లు చెప్పారు. రచయితకు తన రచనను మెరుగుపరచుకునే హక్కు లేదని ఎవరంటారు?

తెలుగువాళ్లకు ఈ తగువు కొత్తదేమీ కాదు. గురజాడ అప్పారావు 1897లో అచ్చువేసిన ‘కన్యాశుల్కం’ వేరు, 1909లో పూర్తిగా తిరగరాసి అచ్చువేసినది వేరు. రెండోదే గొప్పదన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. నాటకంగా జనం గుండెల్లో నిలిచిందీ అదే. అయినా 1960ల చివర్లో బంగోరె అనే పరిశోధకుడు పనిగట్టుకుని మొదటి కూర్పును వెలికితీసి మళ్లీ అచ్చు వేయించారు. ఎవరూ ఆయన్ను గురజాడ ద్రోహి అనలేదు. రెండూ పక్కపక్కన ఉంటేనే గురజాడ ఎంత దూరం నడిచారో తెలుస్తుంది. లూకాస్‌తో అభిమానుల పేచీ సరిగ్గా ఇక్కడే. రెండో కూర్పు వేయడం మీద కాదు వాళ్ల అభ్యంతరం, మొదటి కూర్పును అలమారలోంచి తీసేయడం మీద.

నిజాయితీగా చూస్తే అభిమానుల కూర్పుకూ పరిమితులున్నాయి. అందులో అత్యధిక భాగం 2011 నాటి డిస్కులోని బొమ్మే, రంగులు మాత్రం సవరించారు. అంటే అది 1977 నాటి ఫిల్ము కాదు, 1977 నాటి ఫిల్ము ఎలా ఉండేదో సాక్ష్యాల ఆధారంగా గీసిన చిత్రం. పైగా దాని స్పష్టత 720 గీతలకే పరిమితం. ఎక్కడ ఏ రంగు, ఎంత గరుకు ఉండాలన్న నిర్ణయాల్లో కూర్చినవాళ్ల అభిరుచి తొంగిచూడక మానదు. చెరిపినదాన్ని తిరిగి రాసే చేయి కూడా ఒక చేయే కదా.

ఈ లోటు తెలిసిన మరో అభిమానుల బృందం ఇంకో దారి పట్టింది. డిస్కులన్నీ పక్కనపెట్టి, 1977లో థియేటర్లకు వెళ్లిన టెక్నికలర్ ప్రింటునే సంపాదించి, 4కె నాణ్యతలో స్కాన్ చేసింది. ఆట పూర్తయ్యాక పంపిణీదారుకు తిరిగి వెళ్లాల్సిన ప్రింట్లు ప్రైవేటు సేకరణదారుల దగ్గర అక్కడక్కడా మిగిలిపోవడం వల్లే అది సాధ్యమైంది. 2018లో బయటికి వచ్చిన ఆ కూర్పు పేరు ‘4కె77’. అందులో గీతలుంటాయి, మచ్చలుంటాయి, రీలు మారేచోట గుర్తులుంటాయి. దాదాపు అంతా ఒకే ప్రింటు నుంచి వచ్చినది కాబట్టి, అతుకుల బొంత అన్న విమర్శకు తావు తక్కువ. హార్మీ బృందం ఏళ్ల తరబడి ఊహించి కట్టినదాన్ని ఈ స్కాన్‌తో పోల్చి చూసుకునే వీలు అప్పటికి కలిగింది.

మూలాలన్నీ ఏరి ఒక సినిమాను నిలబెట్టడం అభిమానుల పిచ్చి మాత్రమే కాదు, అధికారిక సంస్థలు చేసే పని కూడా అదే. సత్యజిత్ రాయ్ అపూ చిత్రాల నెగటివ్‌లు 1993లో లండన్‌లోని ఓ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన భాగాలను ఓపిగ్గా బాగుచేసి, లేనిచోట ఇతర ప్రింట్లను కలిపి 2015 నాటికి మూడు సినిమాలనూ ప్రేక్షకుల ముందుకు తెచ్చారు.

‘షోలే’ కథ ‘స్టార్ వార్స్’కు ఇంకా దగ్గరి చుట్టం. రమేశ్ సిప్పీ తీసిన ముగింపులో గబ్బర్ సింగ్‌ను ఠాకూర్ చంపేస్తాడు. ఎమర్జెన్సీ రోజుల సెన్సార్ దానికి ఒప్పుకోలేదు. పోలీసులు వచ్చి ఆపే ముగింపును తీసి 1975 ఆగస్టు 15న విడుదల చేశారు. ఇక్కడ చెరిపింది దర్శకుడు కాదు, ప్రభుత్వం. అసలు ముగింపు మాత్రం దశాబ్దాల పాటు వీడియో కాపీల్లో రహస్యంగా బతికింది. ఒరిజినల్ నెగటివ్ పాడైపోవడంతో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ముంబైలోనూ ఇంగ్లండ్‌లోనూ దొరికిన వేర్వేరు మూలాలను కలిపి బాగుచేయించింది. ఠాకూర్ చేతిలో, కాదు కాళ్ల కింద, గబ్బర్ చావడాన్ని 2025 జూన్‌లో ఇటలీలోని బొలోన్యా నగర కూడలిలో ప్రేక్షకులు పెద్ద తెరమీద చూశారు. సినిమా విడుదలై అప్పటికి యాభై ఏళ్లు.

అదే నెలలో లండన్‌లో మరో విశేషం జరిగింది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తన భాండాగారంలో భద్రపరిచిన 1977 నాటి టెక్నికలర్ ప్రింటును బయటికి తీసి, ఫిల్ము ప్రొజెక్టర్ మీదే ప్రదర్శించింది. లూకాస్‌ఫిల్మ్ అధిపతిగా ఉన్న కాథ్లీన్ కెనెడీ స్వయంగా వచ్చి సినిమాను పరిచయం చేశారు. వెలుగు వలయాలు లేవు, అదనపు జంతువులు లేవు. సోలో ఒక్కడే కాల్చాడు. 2027లో యాభై ఏళ్లు నిండే సందర్భంగా తొలి విడుదల నాటి రూపాన్నే బాగుచేసి థియేటర్లకు తెస్తామని ఆ తర్వాత సంస్థ ప్రకటించింది. చాదస్తమని నవ్వించుకున్నవాళ్లు అడిగింది ఇంతకన్నా ఎక్కువేమీ కాదు.

అందరికీ ఇంత అదృష్టం ఉండదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. దాని ప్రింటు ఈ రోజు ఎక్కడా లేదు. ఇంట్లో రికార్డు చేసి దాచుకునే సాధనం అప్పట్లో ఎవరి దగ్గరా లేదు. ఎంత ఓపికున్న అభిమాని అయినా అతికించడానికి ఒక్క ముక్క అయినా ఉండాలి. తర్వాతి కాలపు సినిమాల పరిస్థితి అంత దారుణం కాదు. 1980లలో, 90లలో దూరదర్శన్‌లో వచ్చినప్పుడు ఎవరో రికార్డు చేసుకున్నవి, పెళ్లి వీడియోల పక్కన అట్టపెట్టెల్లో మూలుగుతున్నవి ఇంకా చాలా ఇళ్లలో ఉంటాయి. ప్రకటనలు మధ్యలో వచ్చినా, బొమ్మ వణికినా, వాటిలో ఇప్పటి ఏ కాపీలోనూ లేని ఓ పాటో, ఓ సన్నివేశమో ఉండవచ్చు. పండక్కి ఇల్లు సర్దేటప్పుడు పాత సామాన్లవాడి బండి మీదికి వెళ్లేవాటిలో మొదట ఉండేవి ఆ క్యాసెట్లే.